వీధి వైపు తిరిగిన ఫ్యాను

"మనం ఏం చేయగలం మేడం. పోయేవాళ్లు పోతానే ఉంటారు. ఉన్నోళ్లే గుండె రాయి చేసుకోవాల" అన్నాడు శివనాగరాజు, కుర్చీ మీద దుమ్ము తుడిచి ముందుకు జరుపుతూ.

ఆ అమ్మాయి కూర్చోలేదు. భుజాన బ్యాగు, చేతిలో గొడుగు, మొహం నిండా అయోమయం.

"ఎవరు పోయినారు?" అంది.

పాపం, ఇంకా తేరుకోలేదు అనుకున్నాడు శివనాగరాజు. గొంతు మరికాస్త తగ్గించాడు. "పెద్దాయనేనా మేడం?"

"ఎవరండీ?"

"అదే... సూర్యుడు గారు."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసింది. "పెద్దాయనే. నాలుగు వందల అరవై కోట్లు."

"ఆస్తా?"

"వయసు!"

ఇక మాటలతో పని కాదని శివనాగరాజు గోడకు ఆనించిన రాయి మీద గోనెపట్ట తీశాడు. నున్నటి నల్లపలక. తల గుండ్రంగా ఉంది, ఒళ్లు నిలువుగా ఉంది. రెండు మూలల్లో రెండు పువ్వులు. మధ్యలో ముత్యాల్లాంటి అక్షరాలు.

సూర్యుడు గారు
మేఘాల్లో ప్రయాణం
వారి ఆత్మకు శాంతి కలుగుగాక

ఆ అమ్మాయి మూడు లైన్లూ చదివింది. గొడుగు కింద పడేసింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి.

"ఏడ్చేయండి మేడం. ఏడిస్తేనే భారం దిగుతాది" అన్నాడు.

చేతులు తీశాక తెలిసింది, ఆమె ఏడవడం లేదు. నవ్వలేక చస్తోంది.

ఇందులో శివనాగరాజు తప్పు ఎంతుందో మీరే చెప్పండి. మార్కాపురంలో పలకల షెడ్లున్న ఆ వీధిలో అతనిది చివరి షెడ్డు. ఒకప్పుడు అక్కడ బడిపిల్లల పలకలు కోసేవాళ్లు. ఇప్పుడు గోడలకు అంటించే టైల్సు, ఇళ్లకు పేరు బోర్డులు, అప్పుడప్పుడు సమాధి రాళ్లు. ఆ వారమే కొనకనమిట్ల నుంచి రోజీ అనే టీచరు వచ్చి వాళ్ల నాన్న సామ్యేలు గారి సమాధికి రాయి చెప్పి వెళ్లింది. గుండ్రటి తల, నిలువు ఒళ్లు. ఆ వెంటనే ఎవరిదో కొత్త నంబరు నుంచి వాట్సాప్‌లో ఇంకో బొమ్మ వచ్చింది. అదీ గుండ్రటి తల, నిలువు ఒళ్లే. మధ్యలో సూర్యుడు అని, కింద మేఘాల్లో ప్రయాణం అని రాసుంది. 'నున్నటి పలక మీద, శుక్రవారానికల్లా కావాలి' అని మెసేజి. ఆ వీధిలో ఏ పనివాడైనా ఏమనుకుంటాడు?

పైగా అతను మంచి మనసుతో పెద్దాయన పేరు ఉత్తగా ఉండకూడదని 'గారు' చేర్చాడు. ఆత్మశాంతి, పువ్వులు షెడ్డు తరఫున ఉచితం.

"ఇది సమాధి కాదండీ బాబూ. సూర్యుడి చుట్టూ ఉండే గాలి బుడగ. సూర్యుడు ముందుకు పోతున్నాడు గదా, అందుకని ముందువైపు గుండ్రంగా ఉంటుంది. వెనక తోక."

"నిలబెడితే సమాధే గదా మేడం."

"అయితే పడుకోబెట్టండి!"

"పడుకోబెట్టినా సమాధే" అన్నాడు వెనక నుంచి కోటి, మిషన్ ఆపి మరీ. కోటి ఆ షెడ్డులో కటింగ్ మిషన్ నడిపేవాడు. నోటికి కట్టుకున్న తువ్వాలు తీసి పళ్లన్నీ బయటపెట్టాడు.

ఆమె పేరు ఉమ. ఊరు గిద్దలూరు. నక్షత్రాల మీద బెంగళూరులో పరిశోధన ముగించి, ఆ ఏడే మార్కాపురం డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరింది. రోజూ రైల్లో వచ్చి పోతుంది. ఈ పలక ఊరూరా బళ్లలో చూపించడానికి.

"నాకు సూర్యుడు, గ్రహాల దారులు మాత్రమే చెక్కి ఇవ్వండి. బుడగ చెక్కకూడదు. దాన్ని పిల్లలు బలపంతో గీస్తారు, తుడుస్తారు, మళ్లీ గీస్తారు. అందుకే పలక అడిగినా" అంది.

"ఎందుకు తుడుస్తారు?"

"బుడగ ఒక్కతీరుగా ఉండదు కాబట్టి."

శివనాగరాజుకు అర్థం కాలేదు. కానీ ఆమె చెప్పేటప్పుడు కనుబొమ్మలు పైకి పోవడం బాగుంది. అందుకని ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి కూడా అర్థం కాలేదు. ఇంకోసారి కూడా బాగుంది.

కొత్త పలక డబ్బులు లేకుండా చేసిస్తానన్నాడు. సూర్యుడు గారి రాయిని పగలగొట్టడానికి మాత్రం మనసొప్పలేదు. తీసుకుపోయి ఇంటి వరండాలో గోడకు ఆనించాడు.

*

పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి ఉమ మళ్లీ వచ్చింది. నిజానికి ఫొటో పంపమంటే పంపేవాడు. ఆ మాట ఆమెకు తట్టలేదు, అతను గుర్తు చేయలేదు.

ఆ రోజు వీధిలో అన్ని షెడ్లూ జోరు మీదున్నాయి. ఎదురుగా మనిషి కనపడనంత దుమ్ము. ఉమ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతుంటే శివనాగరాజు కంగారుగా షెడ్డు పక్కనే ఉన్న ఇంట్లోకి తీసుకెళ్లాడు.

వరండాలో మంచం మీద వాళ్ల నాయన ఆదిశేషు కూర్చుని ఉన్నాడు. గడపలో ఒక పాత స్టాండు ఫ్యాను గరగరా తిరుగుతోంది. కానీ దాని మొహం వీధి వైపు ఉంది. లోపలున్నవాళ్లకు దాని వీపే గతి.

ఉమ చెమటలు తుడుచుకుంటూ చేయి చాపింది, ఫ్యాను ఇటు తిప్పుకుందామని.

"తిప్పొద్దు తల్లీ!" అని వంటింట్లోంచి శివనాగరాజు అమ్మ గంగులమ్మ కేక.

ఉమ చేయి వెనక్కి తీసుకుంది. "ఎందుకత్తా? వీధికి ఉక్కపోస్తుందా?"

అత్తా అన్న మాటకు శివనాగరాజు చేతిలో నీళ్ల చెంబు తొణికింది. ఆ ప్రాంతంలో పెద్దవాళ్లని వరస పెట్టి పిలవడం మామూలే. పెద్దమ్మా అనొచ్చు, పిన్నీ అనొచ్చు, అక్కా అనొచ్చు. అవన్నీ వదిలేసి ఈ పిల్ల అత్తా అంది. గంగులమ్మ వంటింట్లోంచి బయటికొచ్చి ఉమను చూసింది, తర్వాత కొడుకును చూసింది, ఆ తర్వాత చీర కొంగు సవరించుకుంది.

"నాకు గాలి వద్దు తల్లీ. దుమ్ము లోపలికి రాకుంటే చాలు. ఈ ఫ్యాను దుమ్మును బయటికి నెడతాది. ఇటు తిప్పితే వీధి వీధంతా మన ఇంట్లోనే ఉంటాది."

ఉమ గడప దగ్గరకెళ్లి కిందకు చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది. గడప బయట నేల మీద దుమ్ము ఒక గీతలా ఆగి ఉంది. వంపు తిరిగిన గీత. గీతకు అవతల బూడిదరంగు, ఇవతల కడిగినట్టు నల్లటి బండ.

"కోటన్నను ఇంకో మిషన్ కూడా వేయమను" అంది శివనాగరాజుతో.

వేశాడు. చూస్తుండగానే ఆ గీత గడప వైపు జరిగింది. ఒకటి ఆపించింది. గీత మెల్లగా వీధి వైపు వెనక్కి పోయింది.

ఉమ అక్కడే గొంతుక్కూర్చుంది. "నేను ఐదేళ్లు కంప్యూటర్ ముందు చూసింది మీ గడప ముందు ఉంది అత్తా!"

"దుమ్మేనా?" అంది గంగులమ్మ అనుమానంగా.

"దుమ్మే! సూర్యుడి నుంచి కూడా ఎప్పుడూ గాలి వీస్తుంటుంది. మీ ఫ్యాను లాగే, బయటికి. నక్షత్రాల మధ్య చోటు ఖాళీ కాదు. వాయువు, దుమ్ము, మేఘాల మాదిరి ఉంటాయి. సూర్యుడు వాటిలోంచే పోతుంటాడు, మనల్నందర్నీ వెంటేసుకుని. ఆయన గాలి ఆ మేఘాన్ని దూరంగా నెడుతుంది. ఆ బుడగలో మనం బతుకుతున్నాం."

"మేఘం చిక్కనైతే?" అన్నాడు శివనాగరాజు.

ఉమ అతని వైపు తిరిగింది. కనుబొమ్మలు పైకి పోయాయి. "రెండో మిషన్ వేసినప్పుడు ఏమయింది?"

"గీత గడప దగ్గరకొచ్చింది."

"అంతే. మరీ చిక్కటి మేఘం తగిలితే బుడగ కుంచించుకుపోయి, భూమి బుడగ బయట పడొచ్చు. అప్పుడు మన గాలి, వాతావరణం ఏమవుతాయో అని లెక్కలేస్తుంటాం. ఎప్పుడో లక్షల ఏళ్ల కిందట అట్ల జరిగిందని కొందరంటారు. ఇంకా తేలలేదు. వేరే గ్రహం మీద బతకొచ్చా అని అడిగితే అందరూ నక్షత్రం ఎట్లాంటిది, నీళ్లున్నాయా అనే చూస్తారు. నేను ఆ నక్షత్రం ఏ వీధిలో కాపురముందో చూస్తా."

"పెళ్లి విచారణకు పోయినట్టు" అన్నాడు ఆదిశేషు మంచం మీద నుంచి. అని నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది. చాలాసేపు ఆగలేదు. శివనాగరాజు వెళ్లి వీపు నిమిరాడు. "ముప్పై ఏండ్లు మిషన్ దగ్గర నిలబడినా తల్లీ. అప్పుడు మాకు బుడగ లేదు" అన్నాడు ఆదిశేషు, ఊపిరి కుదిరాక.

పెళ్లి విచారణ మాట రాగానే గంగులమ్మకు పాత సంగతి గుర్తొచ్చింది. "మా నాయన ఈయన్ని విచారించను వచ్చినప్పుడు ఈ వీధి ఎట్లుందో తెల్సునా? పాలు పొంగినా వినపడేంత నిశ్శబ్దం. ఆడపిల్ల తరఫోళ్లు వస్తే మిషన్లన్నీ ఆపి, నీళ్లు చల్లి పెడతారు. అది ఈ వీధి ఆనవాయితీ. మా నాయన ఎంత బాగుందో అని పోయినాడు. నేను కాపురానికొచ్చిన మర్నాడు మిషన్లు మొదలైనాయి. ఏడ్చి ఏడ్చి, కడాకు పుట్టింటోళ్లు పెట్టిన ఫ్యాను వీధి వైపు తిప్పినా."

"నేను ఆపలేదు. వీధి ఆపింది" అన్నాడు ఆదిశేషు.

"నువ్వు వేయమనలేదు గదా" అంది గంగులమ్మ.

అందరూ నవ్వారు. శివనాగరాజు మాత్రం నవ్వలేదు. ఆ మాట అతనిలో ఎక్కడో కూర్చుండిపోయింది.

*

కొత్త పలక బాగా కుదిరింది. కాలేజీలో చూపించారు, తర్వాత దోర్నాల బడిలో, ఆ తర్వాత కంభంలో. అంత బరువు పలకను లెక్చరర్ మేడం రైల్లో మోసుకుపోలేదు గదా. శివనాగరాజు ట్రాలీ ఆటో ఉండనే ఉంది. పలక వెనక, వాళ్లిద్దరూ ముందు.

"శివుడు, నాగరాజు, పక్కన ఉమ. పంచాంగం కూడా చూడక్కర్లేదు బేటా" అనేవాడు వీధి మొగలో టీ కొట్టు నడిపే బడే సాహెబ్, ఆటో పోయినప్పుడల్లా.

కంభం నుంచి తిరిగొచ్చేటప్పుడు చెరువుకట్ట దాటగానే వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, ముందు రోడ్డు కనపడకుండా. ఆటో పక్కకు ఆపాడు. వైపరు ఒక్కటే అటూ ఇటూ పరిగెడుతోంది.

"వాన పడితే మా వీధికి పండగ" అన్నాడు శివనాగరాజు. "దుమ్ము లేయదు. మా నాయన బయటికొచ్చి అరుగు మీద కూర్చుంటాడు."

"నీకేం ఇష్టమో చెప్పమంటే మీ నాయనకు ఇష్టమైంది చెప్తావేంది?"

"నువ్వు అడగలేదే."

"ఇప్పుడు అడుగుతున్నా."

"చెప్తే ఆటో దిగిపోతావు."

"ఈ వానలో యాడికి దిగుతా? చెప్పు."

అతను వైపరు వంక చూశాడు. సీటు కవరు పీకాడు. హారన్ తుడిచాడు. ఉమ చూసి చూసి విసిగిపోయింది.

"సరే, నేనే చెప్తా. నాకు నువ్వంటే ఇష్టం. నీకు నేనంటే ఇష్టం. ఇంక ఆ వైపరు ఆపు, తల తిరుగుతాంది."

శివనాగరాజు వైపరు ఆపాడు. అద్దం మీద నీళ్లు కమ్ముకుని బయట లోకం కనపడకుండా పోయింది. అతని మొహం వెలిగింది, ఒక్క క్షణం. అంతలోనే వాడింది.

"ఇష్టమే ఉమా. అందుకే చెప్పలేదు. మా ఇల్లు చూసినావు. మా నాయన దగ్గు విన్నావు. నేను మా మిషన్లకు నీళ్ల పైపు పెట్టినా, తడి కోత చేస్తన్నా, మా షెడ్డులో దుమ్ము సగం తగ్గింది. తక్కిన షెడ్లు నా మాట వినాల గదా. ఒక్కొక్కరినీ ఒప్పించను తిరుగుతున్నా. అదెప్పటికో. అంతదాకా అది మనిషి బతకను పనికొచ్చే చోటు కాదు."

ఉమ అతని వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"ఏ చోటు బతకను పనికొస్తాది, ఏది పనికిరాదు అని తేల్చేదానికే నాకు ఐదేళ్లు జీతమిచ్చి చదివించినారు. అది నా సబ్జెక్టు. నువ్వు పలకలు కొయ్యి."

"తమాషా కాదు ఉమా."

"నేనూ తమాషా ఆడట్లేదు. మేఘం తగలని నక్షత్రం లేదు నాగా. అసలు నక్షత్రాలు పుట్టేదే ఆ దుమ్ములో. మేఘం ఒక్కటే చూస్తే ఎక్కడా బతకలేం అనిపిస్తాది. నక్షత్రం ఒక్కటే చూస్తే అంతా బాగుందనిపిస్తాది. రెండూ చూడాల. గాలి ఎంత గట్టిగా తోస్తాంది, గీత యాడ ఆగింది. మీ ఇంట్లో ఇరవై ఏడేండ్లుగా మీ అమ్మ తోస్తాంది. ఇప్పుడు నువ్వు తోస్తన్నావు. ఇంకో ఫ్యాను తోడైతే చేదా?"

శివనాగరాజుకు ఈసారి మొదటిసారే అర్థమైంది. కానీ ఇంకోసారి చెప్పమని అడిగాడు.

"చెప్పను. ముందు మా నాయన సంగతి విను" అంది ఉమ. "దుమ్ముంటుందని మొత్తం చెప్పేసినా. నేనే పోయి చూస్తానన్నాడు. ఎప్పుడొస్తాడో నాకు కూడా చెప్పడు. విచారణకు పోయిన ఇంట్లో మా నాయన మంచినీళ్లు కూడా ముట్టడు. సంబంధం నచ్చితేనే నీళ్లు తాగుతాడు. మా పెదనాయన కూతురికి చూసిన సంబంధాలన్నిటికీ గొంతెండబెట్టుకునే తిరిగొచ్చినాడు."

"ఒక్కచోట కూడా తాగలేదా?"

"బస్టాండ్లో సోడా తాగినాడు."

*

ఉమ వాళ్ల నాయన గురుస్వామి రైల్వేలో సిగ్నళ్లు చూసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తెల్లచొక్కా, ఇస్త్రీ పంచె, చంకలో గొడుగు. ఆయన ఎవరికీ చెప్పకుండా మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, ఆటో ఎక్కి, తనకేమీ తెలియనట్టు బడే సాహెబ్ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని టీ చెప్పాడు.

బడే సాహెబ్ ఆ కొట్టులో ఇలాంటి వాళ్లను ఎంతమందిని చూశాడు! తెల్లచొక్కా, చెప్పేది టీ, చూసేది ఇళ్లు. టీ మరిగేలోపే కబురు వీధి చివరికి చేరిపోయింది. మిషన్లు ఒక్కొక్కటీ ఆగాయి. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు చల్లారు. గుమ్మాల ముందు ముగ్గులు కూడా పడ్డాయి.

"శివనాగరాజంటే..." అని గురుస్వామి మొదలుపెట్టాడో లేదో, "బంగారం సాబ్!" అన్నాడు బడే సాహెబ్. పక్కనున్నవాడు కూడా అదే అన్నాడు. దారిన పోయేవాడు సైకిల్ దిగి మరీ చెప్పిపోయాడు.

శివనాగరాజు ట్రాలీలో తీసుకెళ్లిన టైల్సు దింపేసి వచ్చేసరికి వీధి ఇలా ఉంది. నిశ్శబ్దం వినగానే టీ కొట్టు వైపు చూశాడు. బల్ల మీద తెల్లచొక్కా మనిషి ముక్కు అచ్చం ఉమ ముక్కు.

"మా అమ్మాయి దుమ్ము దుమ్ము అని ఒకటే భయపెట్టింది. యాడుంది దుమ్ము? మా గిద్దలూరు కంటె బాగుంది" అంటున్నాడు గురుస్వామి.

బడే సాహెబ్ శివనాగరాజు వైపు కన్ను గీటాడు. గమ్మున ఉండు బేటా, పని అయిపోయింది అని.

గమ్మున ఉంటే అయిపోయేదే. ఆ పెద్దాయన సంతోషంగా లేచి, ఇంట్లో నీళ్లు తాగి, సాయంత్రం రైలుకు కబురు మోసుకుపోయేవాడు. శివనాగరాజుకు కావలసింది అంతకు మించి ఏముంది? కాళ్లు ఇంటి వైపు నాలుగడుగులు వేశాయి కూడా. అప్పుడు అమ్మ మాట గుర్తొచ్చింది. నువ్వు వేయమనలేదు గదా.

నేరుగా షెడ్డులోకి పోయాడు. కోటి మిషన్ మీద కాలు చాపుకుని పల్లీలు తింటున్నాడు.

"మిషన్ వెయ్."

"ఎవరొచ్చినారో తెలుసునా అన్నా?"

"తెలుసు. వెయ్."

"పిచ్చిగిని పట్టిందా? పిల్లనియ్యరు!"

"ఇయ్యకపోతే పోనీ. ఇయ్యాళ ఆపిన మిషన్ రేపు తిరగాల్సిందే గదా. ఆ పిల్ల రేపు చూసేది వాళ్ల నాయన ఇయ్యాళే చూడనీ." బయటికొచ్చి వీధంతా వినపడేలా అరిచాడు. "అందరూ వెయ్యండి! రోజూ మాదిరే వెయ్యండి!"

కోటి మిషన్ మొదట లేచింది. తర్వాత పక్క షెడ్డు. తర్వాత ఎదురు షెడ్డు. చల్లిన నీళ్లు ఎండకు ఎప్పుడో ఆరిపోయాయి. దుమ్ము లేచి బల్ల దాకా వచ్చింది. తెల్లచొక్కా బూడిదరంగుకు తిరిగింది. బడే సాహెబ్ తల పట్టుకున్నాడు.

గురుస్వామి టీ గ్లాసు కింద పెట్టాడు. ఎదురుగా వచ్చి నిలబడ్డ కుర్రాణ్ని చూశాడు.

"ఆపించిందెవరు?"

"వీధి."

"వేయించిందెవరు?"

"నేనే."

"ఏం, మా పిల్ల వద్దా నీకు?"

"కావాల" అన్నాడు శివనాగరాజు. "మా అమ్మ ఈ వీధికి మోసపోయి వచ్చింది. ఉమ అట్ల రాగూడదు. చూసి, సరే అనుకుంటే రావాల."

గురుస్వామి గొడుగు చంకలో సర్దుకుని, "ఇల్లు చూపియ్" అన్నాడు.

వరండాలో కాలు పెట్టగానే ఆయన చూపు గోడకు ఆనించిన రాయి మీద పడింది. గబుక్కున చెప్పులు విడిచి దండం పెట్టాడు. "ఈ సూర్యుడు గారు... మీ పెద్దలా?"

"కాదు, మీ అమ్మాయి ఆర్డరే" అన్నాడు ఆదిశేషు.

గురుస్వామి ఇంకేం అడగలేదు. ఏదడిగినా ఏమొస్తుందో అని భయపడినట్టున్నాడు. కుర్చీలో కూలబడి చొక్కా బొత్తాం విప్పుకున్నాడు. ఒళ్లంతా చెమట. పక్కనే ఫ్యాను తిరుగుతోంది, మొహం అటేసుకుని. గంగులమ్మ వంటింట్లో ఉంది, శివనాగరాజు చెప్పులు విడుస్తున్నాడు. గురుస్వామి ఫ్యాను మెడ పట్టి తన వైపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. వీధిలో ఉన్న దుమ్మంతా పిలిచినట్టు లోపలికొచ్చింది. గురుస్వామి కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు, దగ్గాడు. ఆదిశేషు అటు నవ్వుతూ ఇటు దగ్గుతూ కొంగుతో మొహం కప్పుకున్నట్టు తువ్వాలు కప్పుకున్నాడు. గంగులమ్మ పరిగెత్తుకొచ్చి గ్లాసుతో నీళ్లు అందించింది.

గురుస్వామి చేయి గ్లాసు దాకా వెళ్లి ఆగిపోయింది. నియమం గుర్తొచ్చింది. కళ్లనీళ్లు కారుతున్నాయి, గొంతు మూసుకుపోయింది, చేయి మాత్రం గాల్లో ఉంది. వరండా అంతా ఆ చేయి వంకే చూసింది. ఇంకో దగ్గు వచ్చింది. ఇక లాభం లేదని గ్లాసు లాక్కుని గటగటా తాగేశాడు.

శివనాగరాజు జేబులో ఫోన్ వణికింది. క్లాసు మధ్యలోంచి ఉమ మెసేజి. బడే సాహెబ్ పంపిన కబురు ఆమెకూ అందినట్టుంది. 'నాయన నీళ్లు తాగినాడా?'

తాగాడు. కానీ దుమ్ముకు తాగాడా, సంబంధానికి తాగాడా? ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

గురుస్వామి లేచాడు. ఫ్యాను మెడ పట్టుకుని తన చేత్తోనే మళ్లీ వీధి వైపు తిప్పాడు. గడప బయటికి వంగి చూశాడు. లోపలికి వచ్చిన దుమ్ము వెనక్కి జరుగుతోంది. జరిగి జరిగి ఒక వంపు దగ్గర ఆగింది.

"జీవితమంతా సిగ్నళ్లు తిప్పినోణ్ని. ఒక ఫ్యాను తప్పు తిప్పినా చూడు" అన్నాడు తనలో తాను. తర్వాత గంగులమ్మ వైపు తిరిగాడు. "ఎన్నాళ్ల నుంచి తిప్పి పెట్టినావమ్మా ఇట్ల?"

"వీడు కడుపులో పడకముందు నుంచి."

"మా పాప ఫోన్లో ఇదే చూపించింది. ఇది గీత నాయనా, ఇది బుడగ నాయనా అని. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు." మూలన ఉన్న మంచాన్ని, కడిగిన బండలను, వీధిలో తిరుగుతున్న మిషన్లను, గడప దగ్గర నిలబడ్డ కుర్రాణ్ని వరసగా చూశాడు. ఖాళీ గ్లాసు ముందుకు చాపాడు.

"చెల్లెమ్మా, ఇంకో గ్లాసు పొయ్."

గంగులమ్మ చేతిలో చెంబు కదల్లేదు. ఉమ అత్తా అంటుంది. ఆయన చెల్లెమ్మా అంటున్నాడు. వరస సరిగ్గా కుదిరింది.

"మొదటిది దుమ్ముకు తాగినా. ఇది సంబంధానికి" అన్నాడు గురుస్వామి.

గంగులమ్మ కళ్లు తుడుచుకుంటూ గ్లాసు నిండా పోసింది, కింద కారేదాకా. "తాగన్నా" అంది.

శివనాగరాజు టైపు చేశాడు. 'రెండు గ్లాసులు.'

మరుక్షణం ఫోన్ మోగింది. ఎత్తాడు. అవతల ఉమ ఏదో అంటోంది, నవ్వుతోందో ఏడుస్తోందో కూడా తెలియడం లేదు. వీధి నిండా మిషన్ల మోత. వరండా దిగి బయటికొచ్చాడు, షెడ్డులోకి పోయాడు, ఎక్కడా ఒక్క మాట వినపడదు.

"కోటీ! మిషన్ ఆపరా!"

కోటి ఆపాడు. పక్క షెడ్డువాడు ఆపాడు. ఏమయిందో అని వీధంతా ఆపేసింది. అందరూ గుమ్మాల్లోకి వచ్చి చెవులు రిక్కించారు.

"ఇప్పుడు చెప్పు ఉమా" అన్నాడు శివనాగరాజు.

"బతకొచ్చు అంటున్నా" అంది ఉమ. "చెవుడా? మీ వీధిలో బతకొచ్చు!"

"ఇంకోసారి చెప్పు."

"అర్థం కాలేదా?"

"అయింది. అయినా చెప్పు."